నలభై తొమ్మిదో సీటు

మేకల మాట ఎత్తకుండా ఉంటే ఏ గొడవా ఉండకపోను. కానీ వెంకటనర్సమ్మది ఊరుకునే నోరు కాదు. ఉప్పల్ రోడ్డు మీద, కొత్తగా లేచిన మెట్రో స్తంభాల దుమ్మంతా లోపలికొచ్చి పడే ఆ ట్రావెల్స్ ఆఫీసులో కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగుతూ, ఎవరూ అడగకముందే చెప్పేసింది.

"మాది ఉత్త బండి గాదు బిడ్డా. రెండు మేకలు, ఇరవై కోళ్ళు, నాలుగు క్వింటాళ్ళ బంగారం. నాచారంల మా లెక్క జోరుగ మేడారం పొయ్యే బస్తీ ఇంకోటుంటే జూపెట్టు!"

బంగారమంటే బెల్లమే. సమ్మక్క తల్లికి మొక్కే బెల్లాన్ని బెల్లం అనరు.

కాగితం మీద వెంకటనర్సమ్మ కట్టిన ఆఖరి విడత పైకం రాసుకుంటున్న రంజిత్ పెన్ను ఆపాడు. ఆ ట్రావెల్స్ అతనిదే. ఏడు బస్సులు. నలభై ఏళ్ళుంటాయేమో, భువనగిరి వైపువాడు, ఎవరొచ్చినా అమ్మా, పెద్దమ్మా అని నోరారా పిలుస్తాడు.

"మేకలా పెద్దమ్మా? లోపలేనా?"

"లోపలగాక నెత్తి మీదనా?"

రంజిత్ నవ్వాడు. నవ్వుతూనే కాగితం కింద ఇంకో గీత గీసి, దాని మీద రాశాడు. రాసింది ఆమె వైపు తిప్పాడు. వెంకటనర్సమ్మకు అక్షరాలు రావు గానీ అంకెలు వస్తాయి. మందుబిళ్ళల కంపెనీలో పదహారేళ్ళుగా డబ్బాల మీద నంబర్లు చూసి ప్యాకింగ్ చేసే మనిషికి అంకెలు రాకపోవడమేమిటి. రెండు వేల నాలుగు వందలు.

"గిదేంది?"

"కడుగుడు చార్జి పెద్దమ్మా. బెల్లం పాకం నేలకు అంటుకుంటది. కోళ్ళు సీట్ల కింద జేసిపోతయి. తెల్లారి ఆ బండిని వేరే పార్టీకి పంపాలె గద."

"నెల కింద మాట్లాడినప్పుడు ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందలంటివి. అంతా గలిపే అంటివి!"

"అప్పుడు మేకలని జెప్పలే గద నువ్వు."

ఆ ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందలకు ఒప్పించడానికి ఆమె మూడుసార్లు తిరిగింది. మామూలు రోజుల్లో ఇదే బండి మేడారానికి పద్దెనిమిది వేలకు వస్తుంది. జాతర నాలుగు రోజులూ బండ్లు దొరకవు, అందుకని పైన పది వేలు. డీజిలు, ఇద్దరు డ్రైవర్ల బత్తా, రెండు రోజుల నిలుపుదల, పార్కింగు. కిలోమీటర్లు కూడా మన గల్లీ నుంచి లెక్క కాదు, షెడ్డులో బండి కదిలిన దగ్గర మొదలు, మళ్ళీ షెడ్డులో ఆగేదాకా. ఇవన్నీ విన్నది, ఒక్కొక్కదాని మీదా వాదించింది, కొంత తగ్గించింది. సీజన్ దగ్గర మాత్రం నోరు మూసుకుంది. తల్లి గద్దె మీదికి వచ్చే రోజును వెంకటనర్సమ్మ మార్చగలదా?

నలభై ఎనిమిది ఇళ్ళు, ఇంటికి ఆరు వందలు. నలభై తొమ్మిదో సీటు సత్తమ్మకు. సత్తమ్మ దగ్గర పైసా తీసుకోవద్దని బస్తీ అంతా ఒక్క మాట అనుకున్నారు. సత్తమ్మ మనుమరాలు గీతిక జ్వరమొచ్చి పదకొండు రోజులు దవాఖానాలో పడి ఉంటే, పిల్ల లేస్తే పిల్లెత్తు బంగారం ఇస్తానని సత్తమ్మ మొక్కుకుంది. పిల్ల లేచింది. పిల్ల బరువుకు సరిగ్గా పద్నాలుగు కిలోల బెల్లం కొని పెట్టుకుంది. ఇక పోవడమే మిగిలింది.

ఇప్పుడీ రెండు వేల నాలుగు వందలు.

"బుధవారం పొద్దున అయిదింటికి బండి మీ గల్లీ ముందుంటది. మంగళవారం లోపల పైకం మొత్తం కట్టాలె. లేకపోతే సూడు పెద్దమ్మా, బయట ఎంతమంది కూసున్నరో."

నిజమే, బయట బెంచీ మీద అయిదుగురు కూర్చుని ఉన్నారు. వెంకటనర్సమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. సగం టీ అలాగే ఉంది.

ఆదివారం పొద్దున ఆమె అరుగు మీదే పంచాయతీ. ఇంటికి యాభై అనగానే ఆడవాళ్ళందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎదురింటి శారదమ్మ గొంతు అందరికంటే పైన ఉంది.

"ఆరు వందలకే నేను మిత్తికి తెచ్చిన. ఇంక యాభై నా వల్ల గాదు. మేకలని ఎవరు జెప్పుమన్నరు నిన్ను?"

"చెప్పకపోతే రేపు ఎక్కనిస్తడా?"

"ఎక్కినంక ఏం జేస్తడు, దింపుతడా? నీ గొప్పలకు మేం కట్టాల్నా?"

వెంకటనర్సమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. అన్నది నిజం గనుక మరీ గట్టిగా తగిలింది.

శారదమ్మే దారి కూడా చూపించింది. రేషన్ డీలరు తల్లి తారామణి సీటు కోసం అడుగుతోందట. పన్నెండు వందలిస్తుందట. సత్తమ్మ సీటు ఆమెకిచ్చేస్తే సగం తీరిపోతుంది, మిగిలిన సగానికి ఇంటికి ఇరవై అయిదు.

"సత్తమ్మ సీటెట్ల ఇస్తం? మొక్కున్నది గద," అంది వెంకటనర్సమ్మ.

"అయ్యో, ఆ బస్సులు కడిగేదెవరు? సత్తమ్మ గాదూ? కడుగుడు పైసలు ఎవరికి బోతయి? ఆమెకే గద. మన దగ్గర రెండు వేల నాలుగు వందలు దీసుకుంటది, మల్ల మన బండిలనే ఉత్తగ వస్తది. మంచిగున్నది కత!"

 ఆ మాట ఒక్కొక్కరి ముఖంలోకీ దిగడం వెంకటనర్సమ్మ చూసింది. తన మనసులోకీ దిగింది. పదేళ్ళుగా సత్తమ్మ ఆ షెడ్డులోనే పనిచేస్తోంది. ఇంత వస్తుందని ఒక్కనాడైనా చెప్పిందా?

అక్కడినుంచి లేచి నేరుగా సత్తమ్మ ఇంటికే పోయింది. సత్తమ్మ గడప దగ్గర కూర్చుని గోరువెచ్చని నీళ్ళలో రెండు చేతులూ పెట్టుకుని ఉంది. సోడాలు, సబ్బులు తినేసిన చేతులు. వేళ్ళ సందుల్లో ఎర్రగా పగిలి ఉన్నాయి. లోపల మూలన రెండు ఇటుకల మీద బెల్లం సంచి, చుట్టూ చీమలు రాకుండా పసుపు గీత.

"సత్తీ, నీకు బండికి ఎంతిస్తడు రంజిత్ సేటు?"

సత్తమ్మ తలెత్తింది. "ఎందుకక్కా?"

"ఎందుకేంది? మా దగ్గర రెండు వేల నాలుగు వందలు గుంజుతున్నడు, కడుగుడుకని. నీకే బోతయట గద. మాతోని ఒక్క మాట జెప్పినవా? నీ సీటు మేం ఊరికే ఇయ్యాలె, నువ్వు మా బండి కడిగి మా పైసలే తీస్కోవాలె!"

సత్తమ్మ చేతులు నీళ్ళలోంచి తీసి కొంగుకు ఒత్తుకుంది. మెల్లగా, ఒక్కో వేలూ. కోపం లేదు ముఖంలో. అది చూసి వెంకటనర్సమ్మకు ఇంకా మండింది.

"అరవై," అంది.

"ఏంది అరవై?"

"బండికి అరవై రూపాయలు. రోజుకు నాలుగు బండ్లొస్తే నాలుగు అరవైలు. రాకపోతే ఏం లేదు."

వెంకటనర్సమ్మ గడప మీద కూలబడింది. అరవైనీ, రెండు వేల నాలుగు వందలనీ పక్కపక్కన పెట్టి లెక్క చూసుకుంది. 

"నా సీటు ఇచ్చెయ్యక్కా ఎవరికన్నా," అంది సత్తమ్మ. "జాతరైనంక బండ్లొస్తయి. ఎట్లయినా నేను షెడ్డుల ఉండాల్సిందే. తల్లి నన్ను పిలుస్తలేదు, ఏం జేస్తం."

"తల్లి పిలుస్తలేదా, వీడు పోనిస్తలేడా?"

సత్తమ్మ లేచి నీళ్ళ గిన్నె తీసుకెళ్ళి తులసి మొక్కలో పోసి వచ్చింది.

సోమవారం మొదటి షిఫ్టు దిగి, నెత్తిమీద కంపెనీ వాళ్ళ నీలం టోపీ తీయడం కూడా మరిచి వెంకటనర్సమ్మ ఉప్పల్ బస్సెక్కింది. ఆఫీసులో రంజిత్ ఎదురుగా తెల్ల చొక్కా, చేతిలో రెక్సిన్ సంచీతో ఒక పెద్దాయన ఉన్నాడు. రామచంద్రరావు. రిటైరైన గుమాస్తా, హబ్సిగూడలో వాళ్ళ కాలనీ సంఘానికి కార్యదర్శి. శ్రీరామనవమి వెళ్ళిన వారానికి భద్రాచలం ప్రయాణం కోసం బండి మాట్లాడుకుంటున్నాడు. కాగితం ముందు పెట్టుకుని ఒక్కో అంకె కిందా వేలు పెట్టి చదువుతున్నాడు.

"రెండు రోజులు, నలభై తొమ్మిది సీట్లు, ఇరవై ఒక్క వేలు. డ్రైవర్ల భోజనం మీదే కదండీ? సరే."

వెంకటనర్సమ్మ ఆగలేకపోయింది. "సారూ, భద్రాచలం ఎక్కువ దూరమా, మేడారమా?"

"భద్రాచలమేనమ్మా. డెబ్బై, ఎనభై కిలోమీటర్లు ఎక్కువ ఉంటుంది."

"మరి మీకు ఇరవై ఒకటి, మాకు ఇరవై ఎనిమిదెట్ల?"

"రోజుల్ని బట్టమ్మా. మేము నవమి నాడు పోతే మాకూ అంతే వేసేవాడు. అందుకే ఒక వారం ఆగాం." ఆయన మంచిగానే చెప్పాడు.

"అదొప్పుకుంటున్న. జాతర రేటు జాతర రేటే. కడుగుడు చార్జి ఎంతేసిండు మీకు?"

రామచంద్రరావు కాగితం తిప్పి చూశాడు. మళ్ళీ ముందుకు తిప్పాడు. "అలాంటిదేం లేదే."

"ఏం బిడ్డా? సార్లు నేలకు కాళ్ళానించకుంట కూసుంటరా?"

రంజిత్ కుర్చీలో వెనక్కి వాలాడు. "పెద్దమ్మా, వాళ్ళది నీట్ పార్టీ. ఫ్యామిలీలు. నీకు జెప్పినా తెల్వదు."

నీట్ పార్టీ. వెంకటనర్సమ్మకు ఇంగ్లీషు రాకపోయినా ఆ మాట తెలుసు. కంపెనీలో సూపర్వైజరు రోజుకు పదిసార్లు అంటాడు, నీట్‌గా కట్టు, నీట్‌గా తుడువు అని. పదహారేళ్ళు ఆమె చేతులకు గ్లవుసులు, మూతికి గుడ్డ. ఆమె ప్యాక్ చేసిన బిళ్ళలు తెల్లవాళ్ళు కూడా మింగుతారట.

"అంటే మేం గలీజోళ్ళమా?"

"నేనన్నానా ఆ మాట?"

రామచంద్రరావు గొంతు సవరించుకున్నాడు. "నిజం చెప్పాలంటే రంజిత్ గారూ, పోయినసారి శ్రీశైలం ఘాట్‌లో మా వాళ్ళు సగం మంది వాంతులు చేసుకున్నారు. పులిహోర అంతా కిటికీల మీదే. మమ్మల్ని మీరేమీ అడగలేదు."

"సార్, మీరు మధ్యల రాకండి."

"రాకపోతే ఎట్ల? సారు నిజం జెప్తుండు!" వెంకటనర్సమ్మ లేచి నిలబడింది. బయట బెంచీ వాళ్ళంతా తొంగి చూస్తున్నారు. "ఏడు బండ్లకు ఏడు రెండు వేల నాలుగు వందలు గుంజుతవు. కడిగే ఆడిదానికి అరవై ఇస్తవు. భువనగిరోనివి, మనోనివి, నా బిడ్డసొంటోనివి. బయటోడు చేస్తే కడుపు మండేది గాదు!"

రంజిత్ ముఖంలోని నవ్వు అప్పుడు పోయింది. సొరుగు లాగి, ఆమె కట్టిన పైకం కట్ట తీసి బల్ల మీద పెట్టాడు.

"తీస్కో. వేరే బండి సూస్కో. ఎల్లుండి జాతర. పో, దొరుకుతదేమో సూడు."

ఆ కట్టను ఆమె చూసింది. ముట్టుకోలేదు. నలభై ఎనిమిది ఇళ్ళ ముఖాలు కనిపించాయి. కొంగు చివర నోట్లో కుక్కుకుని బయటికి నడిచింది. వెనకాల రామచంద్రరావు ఏదో అంటున్నాడు గానీ వినబడలేదు.

ఆ సాయంత్రమే తారామణి ఇంటికి పోయి పన్నెండు వందలు తీసుకుంది. లెక్కపెట్టకుండానే కొంగున ముడేసుకుంది.

తిరిగొస్తుంటే కుళాయి దగ్గర సత్తమ్మ బిందె పట్టుకుని నిలబడి ఉంది. వెంకటనర్సమ్మ జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది. నీట్ పార్టీ అన్నది చెప్పింది. సీటు అమ్మేసిన మాట కూడా చెప్పింది. తిడుతుందేమో, తిడితే బాగుండునని చూసింది.

సత్తమ్మ రెండే ప్రశ్నలు వేసింది.

"ఏడు బండ్లకూ తీసుకున్నడా?"

"ఏడింటికీ. బెంచీ మీదోళ్ళు జెప్పిన్రు. అన్నీ మేడారమే పోతున్నయట."

"జాతరకు రేటెందుకు పెంచుతడట?"

"బండ్లు దొరకయి గద. దొరకనప్పుడు ఎంతంటే అంత."

సత్తమ్మ బిందె నిండింది. నిండి పొర్లింది. వెనకవాళ్ళు అరిచేదాకా ఆమె దాన్ని ఎత్తలేదు.

మంగళవారం మధ్యాహ్నం వెంకటనర్సమ్మ తారామణి ఇచ్చిన పన్నెండు వందలు కట్టి, మిగతా సగం సాయంత్రానికి తెస్తానని చెప్పడానికి పోతే, సేటు షెడ్డులో ఉన్నాడన్నారు. షెడ్డు నాగోలు దారిలో, రేకుల కప్పు కింద. ఆమె అటు నడిచింది.

ఏడు బస్సులూ వరుసగా ఉన్నాయి. ముందు రాత్రి పెళ్ళిళ్ళకు పోయి వచ్చిన బండ్లు. అద్దాలకు ఎండిన బంతి రేకులు, మెట్ల మీద అక్షింతలు, తమలపాకుల ఉమ్ము, ఎవరో పిల్లాడు కక్కుకున్న మరకలు. ఒక బండిలో సాంబారు బకెట్టు ఒలికి సీట్ల కింద గడ్డకట్టి ఉంది. ఈ ఏడూ రేపు తెల్లారకముందే ఏడు గల్లీల్లో నిలబడాలి. నీళ్ళ పైపు నేల మీద చుట్టలు చుట్టుకుని ఉంది. దాని పక్కన సత్తమ్మ బకెట్టు బోర్లించి, దాని మీద కూర్చుని ఉంది.

రంజిత్ ఫోను చెవి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. "ఎవరూ లేరా? ఇద్దరన్నా? ఎక్కడికి పోయిన్రు? మేడారమా!" ఫోను జేబులో వేశాడు. డ్రైవరు హన్మయ్య స్టెప్నీ టైరుకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు.

"ఎంతసేపైంది?" అని వెంకటనర్సమ్మ అతన్ని అడిగింది.

"పొద్దుగాల వచ్చిన కాణ్ణుంచి గట్లనే కూసున్నది. సేటు తిట్టిండు, బతిమాలిండు. ఉలకదు, పలకదు."

రంజిత్ సత్తమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. "సరే, నూరు. బండికి నూరు తీస్కో. లెవ్ ఇగ."

"మూడు వందలు."

"ఏంది? పాగల్ అయినవా? అరవైకి కడిగే పని!"

"అది మామూలు రోజులది సేటూ." సత్తమ్మ గొంతు పెద్దది కాదు. షెడ్డులో ఎవరూ మాట్లాడకపోవడంతో వినపడింది. "ఇది జాతర. బండ్లు దొరకవని నువ్వు రేటు పెంచినవు. కడిగేటోళ్ళు దొరుకుతున్నరా నీకు? ఫోన్లు జేస్తివి గద."

"రేపటి నుంచి నువ్వు షెడ్డుల కనబడొద్దు."

"కనబడ. రేపు మేడారం పోతున్న. అదిగూడ కూలిలనే. అక్కవాళ్ళ బండిల నాకొక సీటు, పైసల్లేకుంట. ఒప్పుకుంటే ఇప్పుడే పైపు పడ్త. ఆదివారం బండ్లొస్తయి, అప్పుడు కూడ మూడు వందలే. జాతర వెళ్ళినంక మల్ల కూసోని మాట్లాడుకుందం, మామూలు రేటేందో."

రంజిత్ హన్మయ్య వైపు చూశాడు. హన్మయ్య బీడీ వైపు చూసుకున్నాడు. ఎండకు రేకులు టకటకమంటున్నాయి. రెండు గంటలు కావస్తోంది. ఒక్కో బండికి గంటన్నా పడుతుంది.

వెంకటనర్సమ్మ నోరు తెరిచింది. ఈ పట్టున తమ రెండు వేల నాలుగు వందల మాట కూడా సత్తమ్మ తెస్తుందని ఎదురుచూసింది. సత్తమ్మ తేలేదు. "మాది గూడ అడుగు సత్తీ," అని చెవిలో అంది.

"నా పనికి నేనడిగిన అక్కా. మీది మీరు అడగాలె. నేనడిగితే అది గూడ నా నెత్తినే వడ్తది."

అనేసరికి వెంకటనర్సమ్మకు మళ్ళీ చెంప మీద కొట్టినట్టయింది. ఈసారి కోపం రాలేదు. నిన్న పైకం కట్ట చూసి కొంగు కుక్కుకుని బయటికొచ్చింది తనే కదా.

"మూడు వందలు," అన్నాడు రంజిత్ పళ్ళ మధ్య నుంచి. "సీటు నా చేతిల లేదు. నలభై తొమ్మిదీ ఈ పెద్దమ్మకు ఇచ్చిన. ఆమెనడుగు, ఉన్నదో లేదో."

అప్పుడు సత్తమ్మ తిరిగి వెంకటనర్సమ్మ వైపు చూసింది. సీటు అమ్మేసిన సంగతి తెలుసు కదా ఆమెకు. తెలిసే చూసింది. అడగలేదు.

"ఉన్నది," అంది వెంకటనర్సమ్మ. "నలభై తొమ్మిదో సీటు సత్తమ్మదే. అడిగేదేంది?"

సత్తమ్మ లేచి బకెట్టు తిరగేసింది. పైపు విప్పి, సాంబారు ఒలికిన బండిలోకే ముందు ఎక్కింది. పాత రంపపు ముక్కతో గడ్డకట్టినదాన్ని గీకుతున్న చప్పుడు మొదలైంది.

వెంకటనర్సమ్మ కొంగులోని పన్నెండు వందలు కట్టలేదు. "రెండు వేల నాలుగు వందలు సాయంత్రం తెస్తా. కానీ చిట్టీల రాసియ్యి, కడుగుడు చార్జి అని. నీ సంతకంతోని. జాతరైనంక ఏడు బండ్లోళ్ళం ఆ చిట్టీలు పట్టుకొని ఒక్కతాన కూసుంటం," అంది రంజిత్‌తో.  అతని జవాబు కోసం ఆగకుండా బయటికి నడిచింది.

తారామణి వాళ్ళ రేషన్ షాపు గుమ్మంలో కుర్చీ వేసుకుని వక్కలు కత్తిరిస్తోంది. కొత్త చీర తీసి పెట్టుకుంది కూడా, పక్కన మడతలో కనబడుతోంది. వెంకటనర్సమ్మ పన్నెండు వందలూ కొంగులోంచి విప్పి ఆమె ఒళ్ళో పెట్టింది.

"సీటు లేదు పెద్దమ్మా."

"నిన్న ఉన్నది, ఇయ్యాల లేదా? ఎవరెక్కువిచ్చిన్రు?" తారామణి అడకత్తెర కింద పెట్టింది. "రెండు వేలు తీస్కో. తక్కువనా? ఆగు. రెండు వేల నాలుగు వందలంట గద మీకు పడ్డది. మొత్తం నేనే కడ్త. ఎవ్వరూ యాభై ఇచ్చే పని లేదు. బస్తీ అంతా నీకు దండం పెడ్తది."

గుమ్మంలో బియ్యం కోసం నిలబడ్డవాళ్ళలో శారదమ్మ కూడా ఉంది. చేతిలో ఖాళీ సంచీతో ముందుకు ఒక అడుగు వేసి, వెంకటనర్సమ్మ నోటివైపే చూస్తోంది.

"అది సీటు గాదు పెద్దమ్మా, అమ్మటానికి," అంది వెంకటనర్సమ్మ. "అది ఒకామె కూలి."

తారామణికి అర్థం కాలేదు. శారదమ్మకు ఎంత అర్థమైందో గానీ, ముందుకు వేసిన అడుగు వెనక్కి తీసుకుంది. వెంకటనర్సమ్మ ఆమె ముందుకే పోయి అరచేయి చాపింది.

"యాభై తియ్యి శారదా. ముందు నీ ఇంటి నుంచే."

శారదమ్మ ఒక క్షణం ఆ చేతిని చూసింది. తర్వాత గొణుగుతూ, శాపనార్థాలు పెడుతూ, రవికెలోంచి చిన్న సంచీ తీసి ముడి విప్పసాగింది.